పాత కార్బురేటరు పనిముట్లు: గుర్తించుట, వెలకట్టుట

మన హొసూరు, కృష్ణగిరి ప్రాంతములలో మోటారు బండ్లను మరమ్మతు చేయు షెడ్డులు రెండు మూడు తరములుగా నున్నవి. వానిలో పనిచేసి వృద్ధులైన మేస్త్రీలు మన విద్యార్థులలో పలువురకు తాతలు, మేనమామలు, ఇరుగుపొరుగువారు. వారు పని చాలించిన పిమ్మట వారి పనిముట్ల పెట్టె ఇంట నొక మూల పడియుండును. కొన్నాళ్ళకు పాత ఇనుము కొనువాడు వచ్చి, దానిని తూచి, కిలో కింతయని లెక్కగట్టి తీసికొనిపోవును. ఇంటివారికి ఆ బేరము న్యాయముగనే తోచును. ఏలయన, ఆ పెట్టెలోని వస్తువు లేవియో, అవి యెందులకు పనికివచ్చునో వారికి తెలియదు.

ఇనుమునకు తూకమే వెల. పనిముట్టునకు మాత్రము తూకము వెల కాదు. అది దేనికొరకు చేయబడినదో తెలిసినప్పుడే దానికి వెల యేర్పడును; తెలియనంతవరకు అదియు ఇనుపముక్కయే. ఈ సంగతి అన్ని పనిముట్లకు వర్తించునుగాని, కార్బురేటరు పనిముట్లకు మరింతగా వర్తించును. సుత్తిని, పట్టకారును చూచినవారెల్లరు గుర్తింపగలరు. కార్బురేటరు పనిముట్లు చిన్నవి, వింత ఆకారములు గలవి; కొన్ని చూచుటకు పనిముట్లవలెనే కనబడవు. కావున వానిని గుర్తించు విధమును, వెలకట్టు విధమును ఈ వ్యాసమున వివరింపదలచినాము.

కార్బురేటరు చేయు పని

పెట్రోలు తనంతట తాను యంత్రమున సరిగా మండదు. అది సన్నని తుంపరలై, గాలితో తగిన పాళ్ళలో కలియవలెను. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు పదునైదు పాళ్ళ గాలి కావలెను. ఈ కలయికను సమకూర్చునదే కార్బురేటరు.

దాని లోపల గాలి పోవు గొట్టము ఒకచోట ఇరుకుగా నుండును. ఇరుకైన చోట గాలి వేగము హెచ్చును, పీడనము తగ్గును. ఈ ధర్మమును ఇటలీ దేశీయుడైన వెంచూరి పదునెనిమిదవ శతాబ్ది చివర వివరించెను. అందుచేతనే ఆ ఇరుకునకు వెంచూరి యని పేరు. పీడనము తగ్గిన ఆ తావునకు పెట్రోలు ఒక సన్నని రంధ్రము ద్వారా పైకి లాగబడును. ఆ రంధ్రము గల ఇత్తడి ముక్కయే జెట్టు. పక్కనున్న చిన్న తొట్టిలో పెట్రోలు ఎల్లప్పుడు ఒకే మట్టమున నిలువవలెను. మన యిండ్ల నీటితొట్టిలో బంతి పైకి తేలి కొళాయిని మూసివేయునట్లు, ఈ తొట్టిలో ఫ్లోటు పైకి తేలి, సూదిని నెట్టి, పెట్రోలు దారిని మూయును. మట్టము హెచ్చైనచో పెట్రోలు పొర్లును, బండి పొగ విడుచును. మట్టము తగ్గినచో బండి ఎత్తెక్కునప్పుడు నీరసించును.

ఇంతటి సూక్ష్మమైన పని గనుక దాని పనిముట్లును సూక్ష్మమైనవే. ఒక ఉదాహరణము చూడుడు. సోలెక్సు కార్బురేటరు జెట్టు మీద 120 అని యున్నచో, దాని రంధ్రపు వ్యాసము 1.20 మిల్లీమీటరు లన్నమాట. ఎవరైన దానిలో తీగ పొడిచి శుభ్రము చేయబోయి ఆ వ్యాసమును నూటికి పదిపాళ్ళు పెంచినారనుకొందము. వ్యాసము 1.32 మిల్లీమీటరు లగును. రంధ్రపు వైశాల్యము వ్యాసముయొక్క వర్గము ననుసరించును గనుక, అది నూటికి ఇరువది యొక్క పాళ్ళు పెరుగును. కంటికి కనరాని ఆ మార్పుచేత పెట్రోలు ఖర్చు హెచ్చును. మంచి మేస్త్రీలు జెట్టును తీగతో పొడువక గాలితో ఊదుట ఇందుచేతనే.

కార్బురేటరు తెరమరుగైన విధము

మన దేశమున ఏబది అరువది యేండ్లపాటు కార్బురేటరు లేని పెట్రోలు బండి దాదాపు లేదు. మద్రాసులో 1955లో తయారీ ఆరంభమైన బుల్లెట్టు, మైసూరులో 1961లో ఆరంభమైన జావా, 2014 వరకు తయారైన అంబాసిడరు, ఫియట్టు కారు, దాని పేరు మారిన రూపమైన ప్రీమియర్ పద్మిని, 1983లో వచ్చిన మారుతి 800, మన హొసూరు కర్మాగారమునుండి 1980లో వెలువడిన టీవీయస్ 50 మోపెడు, ఇవన్నియు కార్బురేటరుతో నడచినవే.

పొగ కాలుష్యమును గూర్చిన నియమములు కఠినమగుకొలది కార్లలో 2000 ప్రాంతమున కార్బురేటరు పోయి, పెట్రోలును లెక్కప్రకారము చిమ్ము ఇంజెక్షను పద్ధతి వచ్చినది. 2020 ఏప్రిల్ 1వ తేదీన భారత్ స్టేజి 6 నియమములు అమలునకు వచ్చుటతో కొత్త మోటారు సైకిళ్ళలోను దాదాపు అన్నింట కార్బురేటరు తొలగినది. పాత బండ్లు మాత్రము ఇంకను తిరుగుచున్నవి. పాత బండ్లను పూర్వరూపమునకు తెచ్చి నడుపు అభిమానులును పలువురున్నారు. కావున కొత్త పనిముట్లు చేయువారు తగ్గిరి, పాతవి కోరువారు మిగిలిరి. ఈ రెండు కారణములు కలసినచోటనే పాత పనిముట్టునకు వెల పుట్టును.

పెట్టెలో దొరకు పనిముట్లు

మొదటివి జెట్టు విప్పు పనిముట్లు. జెట్టు ఇత్తడిది, మెత్తనిది. మామూలు స్క్రూడ్రైవరు కొన సాపుగా లేక ఏటవాలుగా నుండును గనుక అది జారి జెట్టు గాడిని చెరుచును. జెట్టు కొరకు చేసిన దాని కొన రెండు వైపుల సమాంతరముగా సానబట్టబడి, గాడిలో కదలక కూర్చుండును. కొన్నింటికి జారకుండుటకై కొన చుట్టును ఒక చిన్న కట్టు ఉండును. పిడి 'టి' ఆకారమున నుండుట కలదు. లోతైన రంధ్రములో నున్న జెట్టును తీయుటకు సన్నని గొట్టపు స్పానరులును ఉండును.

రెండవవి ఫ్లోటు గేజీలు. మూసి వేయబడిన తొట్టిలో ఫ్లోటు ఎంత ఎత్తున నిలువవలెనో సరిచూచునవి ఇవి. సామాన్యముగా ఇవి పలుచని రేకు బిళ్ళలు. అంచున మెట్లు మెట్లుగా కోసియుండును. ఒక్కొక్క మెట్టు మీద అంగుళపు భాగములు గాని మిల్లీమీటర్లు గాని చెక్కబడియుండును. తెలియనివారు వీనిని రేకుముక్కలని పారవైతురు. అంతకంటె మోసపుచ్చునవి వట్టి గుండ్రని కడ్డీలు. అంబాసిడరులో వాడిన ఎస్.యు. కార్బురేటరులో హెచ్.ఎస్. రకము కొన్నింటికి ఫ్లోటు మీట కింద అంగుళములో ఎనిమిదవ వంతు మందము గల కడ్డీ నుంచి మట్టము సరిచూతురు. ఆ మందము గల డ్రిల్లు ముక్కయైనను ఆ పనికి చాలును. కావున పెట్టెలో సానదీసి శ్రద్ధగా దాచిన చిన్న కడ్డీ కనబడినచో దానిని స్క్రూగేజితో కొలువుడు. కొలత సరిగా ఒక అంగుళభాగమునకు వచ్చినచో అది ఊరక దాచినది కాదు.

మూడవవి వంచు పనిముట్లు. కొనయందు సన్నని చీలిక గల కడ్డీలివి. ఫ్లోటు మీద నుండు పలుచని నాలుకను గాని, లోపలి సన్నని కడ్డీలను గాని విరుగకుండ కొంచెము కొంచెముగా వంచుటకు ఉపయోగించును. పట్టకారుతో వంచినచో అవి విరుగును లేక మెలిపడును.

నాలుగవవి మీటరింగు రాడ్డు గేజీలు. అమెరికా దేశపు కార్టరు కార్బురేటరులలో జెట్టు రంధ్రమున ఒక సన్నని కడ్డీ దిగి లేచుచు పెట్రోలును అదుపు చేయును. ఆ కడ్డీ ఎత్తును సరిచేయుటకు, దాని స్థానమున ఖచ్చితమైన పొడవు గల గేజీని నిలిపి చూతురు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీసు జీపులలో నుండినది కార్టరు కార్బురేటరే. యుద్ధానంతరము మన దేశమున జీపులు విరివిగా వాడబడినవి గనుక ఇట్టి గేజీ మన ఊరి పెట్టెలో దొరకుట వింత గాదు.

ఐదవవి సన్న డ్రిల్లులు, రీమరులు. సంఖ్యల వారీగా నుండు డ్రిల్లులలో 61 నుండి 80 వరకు గలవి మిక్కిలి సన్ననివి. 61వది అంగుళములో 0.039 వంతు, 80వది 0.0135 వంతు, అనగా మిల్లీమీటరులో మూడింట నొక వంతు మాత్రమే. సంఖ్య పెరిగిన కొలది మందము తగ్గును. ఇవి సామాన్యముగా రంధ్రములు గల చిన్న లోహపు నిలుపులోనో, మూత గల డబ్బీలోనో ఒక వరుసగా నుండును. వీనితో జెట్టు రంధ్రమును కొలువవచ్చును; అజాగ్రత్తగా తిప్పినచో పాడుచేయవచ్చును.

ఆరవవి ఎస్.యు. పనిముట్లు. ఎస్.యు. అనునది 1910 నాటికే ఇంగ్లండులో సంస్థగా వెలసినది. దానిలో పిస్టను పైకి లేచి దిగుచుండగా, దానితోపాటు ఒక కోసుగా నున్న సూది జెట్టులో కదలును. సూది జెట్టు గోడకు తగులరాదు. జెట్టును సరిగా నడిమికి తెచ్చుటకు ప్రత్యేకమైన కడ్డీ యుండును. జెట్టు కింది మరను తిప్పుటకు పలుచని స్పానరు ఉండును. పిస్టనును ఎత్తి విడిచినప్పుడు అడ్డులేక దిగి 'టక్కు' మని చప్పుడైనచో పని కుదిరినదని మేస్త్రీలు చెవితో తెలిసికొందురు. ఆ సూదులు కొన్ని పెట్టెలలో విడిగా దొరకును. వాని పైభాగమున సన్నని అక్షరములుండును; ఆ అక్షరములే సూది జాతిని తెలుపును. తుప్పనుకొని వానిని గీకివేయరాదు.

ఏడవవి వాక్యూము గేజీలు. యంత్రము లోపలికి గాలిని లాగు బలమును పాదరసపు అంగుళములలో చూపు గుండ్రని ముల్లు పరికరములివి. సముద్రమట్టమున ఆరోగ్యముగల యంత్రము నెమ్మదిగా తిరుగునప్పుడు ముల్లు సుమారు 17 మొదలు 21 వరకు నిలుకడగా చూపును. వేయి అడుగుల ఎత్తునకు సుమారు ఒక అంగుళము తగ్గును. మన హొసూరు సముద్రమట్టమునకు దాదాపు 2,900 అడుగుల ఎత్తున నున్నది. కావున ఇచ్చట ముల్లు మూడు అంగుళములు తక్కువ చూపినంతమాత్రమున గేజీ చెడినదని పారవేయరాదు. చెన్నైలో సరిగా చూపిన గేజీయే ఇచ్చట తక్కువ చూపును.

రెండు కార్బురేటరులు గల బండ్లలో రెంటికిని గాలి సమముగా పోవుచున్నదా యని చూచు పరికరములు కూడ కలవు. అవి మన ప్రాంతమున అరుదు. అట్టివి గాజు గొట్టముతో నున్నచో గొట్టము పగులలేదా యని ముందు చూడవలెను.

గుర్తులు చదువు విధము

పనిముట్టు మీది అక్షరములు దాని పుట్టుకను చెప్పును. మెత్తని గుడ్డతో తుడిచి, పగటి వెలుతురులో ఏటవాలుగా పట్టి భూతద్దముతో చూడవలెను. కనబడనిచో పలుచని కాగితము నుంచి పెన్సిలుతో రుద్దినచో అక్షరములు తేలును.

సంఖ్యకు ముందున్న అక్షరమే ముఖ్యము. అమెరికా దేశపు జనరల్ మోటార్సు బండ్లకై కెంట్-మూరు వారు చేసిన పనిముట్ల సంఖ్యలు 'జె' అక్షరముతోను, క్రైస్లరు బండ్లకై మిల్లరు వారు చేసినవి 'సి' అక్షరముతోను ఆరంభమగును. కార్టరు వారివి 'టి 109' అని ఆరంభమగును. '18 జి' అని ఆరంభమగునవి 1952లో నేర్పడిన బ్రిటిషు మోటారు కార్పొరేషను వారివి. అంబాసిడరు కారు మోరిసు ఆక్సుఫర్డు కారునుండి వచ్చినది గనుక, ఆ వంశపు పనిముట్లు మన షెడ్డులకు చేరుటకు ఆస్కారమున్నది. సంఖ్య తెలిసినచో ఆ బండి పాత మరమ్మతు పుస్తకమున వెదకి పనిముట్టు పనిని నిర్ధారింపవచ్చును.

స్పానరుల మీది అంకెలు కొందరిని తికమక పెట్టును. విట్‌వర్తు స్పానరు మీద 1/4 అని యుండును. నోరు కొలిచినచో 0.525 అంగుళములు వచ్చును. తప్పు కొలతలో లేదు. ఆ అంకె బోల్టు మందమును తెలుపును, స్పానరు నోటిని కాదు. 'ఎ.ఎఫ్.' అని యున్నచో అంకె నోటి వెడల్పును తెలుపును. 'బి.ఎ.' అని యున్నవి చిన్న మరలకు సంబంధించినవి. బ్రిటిషు కార్బురేటరులలో ఈ మరలు తరచుగా వాడబడినవి. కావున చిన్న 'బి.ఎ.' స్పానరుల గుత్తి దొరికినచో దానిని విడదీయరాదు.

జెట్టుల అంకెలకును భాష యున్నది. సోలెక్సు, వెబరు జెట్టుల అంకె మిల్లీమీటరులో నూరవ వంతులను తెలుపును. అమాలు జెట్టుల అంకె నిమిషమునకు ఎన్ని ఘనసెంటీమీటర్లు ప్రవహించునో తెలుపును. ఒకే 120 అంకె గల రెండు జెట్టులు వేరువేరు కంపెనీలవైనచో ఒకటే యని భావింపరాదు.

కాలము నిర్ణయించుట

పనిముట్టు మీదనో, దాని డబ్బా మీదనో తయారైన ఊరి పేరుండును. మన ఊళ్ళ పేర్ల చరిత్రయే ఇచ్చట గడియారమువలె ఉపకరించును. మద్రాసు రాష్ట్రము 1969లో తమిళనాడుగను, మైసూరు రాష్ట్రము 1973లో కర్ణాటకగను మారినవి. బొంబాయి 1995లో ముంబయి, మద్రాసు 1996లో చెన్నై, కలకత్తా 2001లో కోల్‌కతా అయినవి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉన్నచో ఆ డబ్బా 1972 ఆగష్టు 15వ తేదీకి పిమ్మటిది. 'పశ్చిమ జర్మనీ' అని యున్నచో 1949కిని 1990కిని నడుమది.

అమెరికా పేటెంటు సంఖ్యయు కాలమును చెప్పును. పది లక్షల సంఖ్య గల పేటెంటు 1911లోను, ఇరువది లక్షలది 1935లోను, ముప్పది లక్షలది 1961లోను ఇయ్యబడినవి. కావున 23 లక్షల సంఖ్య గల పనిముట్టు 1935కు ముందుది కాజాలదు. ఈ గుర్తులన్నియు 'ఇంతకంటె పాతది కాదు' అని మాత్రమే నిశ్చయముగా చెప్పును. ఏలయన, కంపెనీలు పాత అచ్చులను, పాత డబ్బాలను పేరు మారిన పిమ్మట కూడ కొన్నాళ్ళు వాడుట కలదు.

నకళ్ళను కనిపెట్టుటకు అరుగుదలను చూడవలెను. నిజముగా పనిచేసిన పనిముట్టు చేయి పట్టు చోటను, మరకు తగులు చోటను అరిగియుండును. తక్కిన చోట్ల అంతగా అరుగదు. అంతటను ఒకే తీరున తుప్పు, ఒకే తీరున అరుగుదల ఉన్నచో సందేహింపవలెను.

వెలకట్టు విధము

ఒక పనిముట్టునకు మూడు వెలలుండును. మొదటిది లోహపు వెల; ఇది తూకము మీద వచ్చును. రెండవది పనివెల; నేడు పాత బండ్లు బాగుచేయు మేస్త్రి తన పనికై ఇచ్చునది. మూడవది సేకరణ వెల; పాతబండ్ల అభిమానియో, వస్తుప్రదర్శనశాలవారో ఇచ్చునది. ఇనుము కొనువాడు మొదటి వెలనే చెప్పును. అది అతని వృత్తి. అందు మోసమేమియు లేదు. మిగిలిన రెంటిని తెలిసికొనుట మన పని.

ఆ రెంటిని నిర్ణయించునవి ఐదు ప్రశ్నలు. ఇది ఏ కార్బురేటరుకు చెందినది? సంపూర్ణముగా నున్నదా? కొలత చెడక యున్నదా? దీనిని కోరువారున్నారా? దీని చరిత్ర తెలిసినదా?

సంపూర్ణత చాల ముఖ్యము. ఎనిమిది పనిముట్ల జతలో ఏడుండి ఒకటి లేకున్నచో వెల ఎనిమిదవ వంతు మాత్రమే తగ్గదు, మరింత తగ్గును. ఏలయన, లేనిదే దొరకనిదై యుండవచ్చును. ఇందుచేతనే పెట్టెను అన్నదమ్ములు తలా కొన్ని పంచుకొనుట నష్టము. డబ్బా, వివరణ పత్రము ఉన్నచో అవియు జతలో భాగములే. చిరిగిన కాగితమని పారవేయరాదు.

కొలతను గూర్చి ఒక మాట. అందముగా మెరయు ఫ్లోటు గేజీ అంచు అరిగియున్నచో మేస్త్రికి అది పనికిరాదు. తుప్పు మరకలున్నను మెట్లు సరిగా నున్న గేజీయే అతనికి విలువైనది. మన బడి ప్రయోగశాలలోని వెర్నియరు కాలిపరులతో పై తరగతుల విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును.

అరుదైనదెల్ల విలువైనది కాదనియు తెలిసికొనవలెను. ఎవ్వరును నడపని బండికి చెందిన పనిముట్టు ఎంత అరుదైనను కొనువాడుండడు. బుల్లెట్టు, జావా, యెజ్డీ, అంబాసిడరు, జీపు మొదలగు బండ్లను ప్రేమించువారు నేటికిని ఉన్నారు గనుక వాని పనిముట్లకు గిరాకి కలదు. సామాన్యమైన స్పానరులు, స్క్రూడ్రైవరులు ఎంత పాతవైనను లోహపు వెలను మించి పెద్దగా పలుకవు. పెట్టె నిండ నిధి యున్నదని ఆశపడి తుదకు నిరాశ చెందుట కంటె, ఇరువది వస్తువులలో రెండు మూడు మాత్రమే విశేషమైనవి యుండునని తలచి వెదకుట మేలు.

అమ్మదలచినవారు తొందరపడరాదు. అమ్మకమునకు పెట్టినవారు అడుగు ధరను గాక, నిజముగా చేతులు మారిన ధరను విచారింపవలెను. ఒక స్కేలును పక్కన నుంచి చిత్రము తీసి, గుర్తులు స్పష్టముగా కనబడునట్లు చూపి, కనీసము ముగ్గురను అడుగవలెను. చెన్నై పుదుపేటవంటి పాత మోటారు సామానుల బజారులలో అనుభవజ్ఞులు కలరు. పాతబండ్ల సంఘములవారిని అడుగుట మరియు మంచిది.

చేయరాని పనులు, తప్పనిసరి జాగ్రత్తలు

తుప్పు వదలించుటకు ఆకురాయితో రుద్దరాదు, సానబట్టరాదు, రంగు వేయరాదు. గేజీకి అంచే ప్రాణము, అక్షరములే పేరు. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాచి, కాగితములో చుట్టి యుంచిన చాలును.

పాత కార్బురేటరులను, జెట్టులను ముట్టిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగవలెను. మన దేశమున 2000 ఫిబ్రవరి వరకు సీసము కలిసిన పెట్రోలు అమ్మకమున నుండెను. పాత మడ్డిలో దాని శేషము ఉండవచ్చును. జెట్టును నోట పెట్టి ఊదరాదు.

పిల్లలు అన్నింటికంటె ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది పాదరసమును గూర్చినది. కొన్ని పాత పరికరములలో గాజు గొట్టములందు వెండివలె మెరయు ద్రవముండును. అది పాదరసము, దాని ఆవిరి విషము. అట్టి పరికరమును వంచరాదు, విప్పరాదు, ఊపరాదు. నిలువుగా నుంచి పెద్దలకు చెప్పవలెను. ద్రవము ఒలికినచో చేతితో ముట్టరాదు, చీపురుతో ఊడ్వరాదు. కిటికీలు తెరచి అందరును ఆ గదినుండి వెలుపలికి పోవలెను.

తల్లిదండ్రులకును, విద్యార్థులకును మనవి

పనిముట్టు చరిత్ర అనునది కేవలము కొనువాని కొరకు కాదు. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో ప్రయాణ వ్యాపారము ఆరంభించి, యంత్రములను విప్పి కూర్చి నేర్చికొని, కోయంబత్తూరు పారిశ్రామిక ప్రగతికి మూలపురుషులలో నొకరైనారు. ఆ నగరమున వారి పేరిట వెలసిన కార్ల ప్రదర్శనశాలలో పాత బండ్లను చూడవచ్చును. పెద్దవారి బండ్లు ప్రదర్శనశాలలకు చేరినవి. మన వీధి మేస్త్రి పెట్టె చేరు చోటు మాత్రము తూకపు కాటా.

ఇట్లు జరుగకుండుటకు గొప్ప ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. ఒక్కొక్క పనిముట్టునకు ఒక్కొక్క పుట కేటాయించి ఈ సంగతులు వ్రాయవలెను: దాని మీది అక్షరములు, అంకెలు, కొలతలు, ఏ బండికి వాడినది, షెడ్డులో దానిని పిలిచిన పేరు, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది. మన షెడ్డులలో తెలుగు, తమిళము, కన్నడము కలసి మెలసి వినబడును. ఒకే పనిముట్టునకు మూడు భాషలలో మూడు పేర్లుండుట కలదు. ఆ మూడును వ్రాసికొనుడు. కంపెనీ పెట్టిన పేరు పుస్తకములలో దొరకును. మేస్త్రి పెట్టిన పేరు అతని నోటనే యున్నది.

వృద్ధులైన మేస్త్రీలు ఇంకను మన నడుమ నున్నారు. ఈ రేకుబిళ్ళ దేనికి, ఈ కడ్డీ ఎందుకు దాచితిరి అని అడిగినచో వారు సంతోషముగా చెప్పుదురు. వారి తరువాత ఈ ప్రశ్నకు బదులు చెప్పువారుండరు. కావున పెట్టె అమ్ముటయా, ఉంచుకొనుటయా, బడికి ఇచ్చుటయా అనునది ఆ కుటుంబము ఇష్టము. మేము కోరునది ఒక్కటే. కాటా మీద పెట్టుటకు ముందు పెట్టె మూత తెరచి, ఆ పనిముట్లతో బ్రతికిన పెద్దాయనను పక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క దానికి పేరడిగి వ్రాసికొనుడు.